సవరణ: స్కీయింగ్‌లో పిల్లల్ని ఎంతవరకు వదలొచ్చు

"ఆకుపచ్చ గుర్తున్న (అంటే తేలికైన) మంచు వాలు మీద పడకుండా దిగగలిగితే పిల్లల్ని సొంతంగా వదిలేయొచ్చు" అన్న నా పాత పోస్టును, ఆరేళ్ల పిల్లల్ని కొండ మీద ఒంటరిగా పంపొచ్చన్నట్టు కొందరు చదివారు. నా ఉద్దేశం అది కాదు: దారి వాళ్లు ఎంచుకోవాలి, పెద్దవాళ్లు కాస్త వెనకే, చూపు తప్పకుండా రావాలి.

పడకపోవడం కూడా పెద్ద లెక్క కాదు. స్కీల ముందు కొనలు దగ్గరకు చేర్చి వెనక విడదీసి, ఆగమన్న చోటే ఆగుతున్నారా, లేక ఇంకో నాలుగు గజాలు జారాకా, అది చూడండి. నిటారుగా దూసుకెళ్లే పిల్లల్ని చూసి మనం మురిసిపోతాం గానీ చాలాసార్లు వాళ్లకు మలుపు తిరగడం రాదంతే. ముందున్నవాళ్లకే దారి, ఆగితే అంచునే అన్న అంతర్జాతీయ నియమాలు కూడా చెప్పకుండానే పాటించాలి.

చైర్‌లిఫ్ట్ (కొండ పైకి తీసుకెళ్లే, తీగకు వేలాడే కుర్చీలు) సంగతి వేరు. బాగా స్కీ చేసే పిల్లలకు కూడా ఎక్కేటప్పుడు సీటు ఎత్తు అందకపోవచ్చు, అందుకే పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే.

ఇంకోటి, రంగులు అన్నిచోట్లా ఒకటి కావు. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో తేలిక వాలుకు నీలం గుర్తు, అమెరికాలో నీలం అంటే మధ్యస్థం.