మాల్దీవుల నిర్వాసితులు

కొల్లాపూర్ దాటి సోమశిలకు పోతుంటే కృష్ణ కంటే ముందు మాల్దీవులొస్తాయి. ఫోన్లలో. 'తెలంగాణ మాల్దీవులు' అని పేరు పెట్టిన పుణ్యాత్ముడెవరో గానీ, శనివారం వచ్చిందంటే హైదరాబాద్ కార్లన్నీ సముద్రస్నానానికి నల్లమల దారి పడుతున్నాయి. మనకు నీళ్లు నీలంగా కనబడితే చాలు, విదేశమే. వరదలో ఎర్రబడ్డ కృష్ణకు ఏ దేశం పేరు పెడతారో మరి!

మొన్న పడవలో ఒక జంట. లైఫ్ జాకెట్ చీరను కప్పేస్తోందని ఆమె విప్పింది, సాహసం కనబడాలని ఆయన తొడుక్కున్నాడు. డ్రోన్ లేచింది. దాని కంటికి గట్టు మీద మేకలు పడ్డాయి. మాల్దీవుల ఫొటోల్లో మేకలుండవు కదా, పక్కకు తోలమని కాపరికి సైగలు. పాపం, కాపరి తోలాడు. మేకలే ఒప్పుకోలేదు. డ్రోన్ దిగింది, మళ్లీ లేచింది, మేకలు మళ్లీ వచ్చాయి. ఈ సందులో ఆమె పడవాయన్ని అడిగింది: "అన్నా, కింద ఏముంటుంది? పగడాలా?"

"మా ఊరు మేడం. తాతల ఇండ్లు గాడనే ఉండె."

"వావ్! చూడ్డానికి టికెట్ ఎంత?"

టికెట్ ఎంతో నేను చెప్తాను. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు ఎక్కొస్తుంటే దేవుళ్లకు పునరావాసం బాగానే దొరికింది. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. సోమశిల సోమేశ్వరుడినీ గట్టెక్కించారు. మంచిదే. మనుషులకు మాత్రం ఒక నంబరిచ్చారు: జీవో 98. 1986లో. భూములు, ఇండ్లు మునిగిన కుటుంబానికి ఒక ఉద్యోగమన్నారు. కొందరికి దొరికింది. మిగతావాళ్లు ఉద్యోగంలో చేరకుండానే రిటైర్మెంట్ వయసు దాటేశారు. అదే కాయితం పట్టుకుని కొడుకులు ధర్నాకు కూర్చుంటున్నారు. సిగ్గుండాలి! గుడి రాళ్లను లెక్కపెట్టగలిగిన రాజ్యానికి ఇంటికొక మనిషిని లెక్కపెట్టడం చేతకాలేదా?

2007లో ఇదే కృష్ణలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి 60 మందికి పైగా పోయారు. అవతలి ఒడ్డుకు పోవడానికి వాళ్లకు వంతెన లేదు. 2022లో కేంద్రం సోమశిల–సిద్ధేశ్వరం వంతెనకు వెయ్యి కోట్లకు పైగా మంజూరు చేసింది. తీగల మీద వేలాడుతుందట, గోపురాల్లాంటి స్తంభాలట, నడిచేవాళ్లకు అద్దాల దారట. అద్దమంటే రోజూ తుడవాలి కదా. ఆ పోస్టులేవో జీవో 98 వాళ్లకే ఇవ్వండి. కాకపోతే వయోపరిమితి ఒక నలభై ఏళ్లు సడలించాల్సి ఉంటుంది.