సవరణ: బీటిల్స్ పీఠం మీద ఇంకొందరికి చోటు

అభిమాన బ్యాండ్లను నెత్తిన పెట్టుకోవచ్చా అని విజయవాడ సంగీతాభిమానుల మధ్య నడిచిన వాదన మీద పోయిన వారం మా పోస్టులో, ఇంగ్లండుకు చెందిన నలుగురి బ్యాండ్ బీటిల్స్ గురించి రాస్తూ, "బీటిల్స్ రికార్డుల్లోని టేప్ పనితనమంతా ఆ నలుగురిదే" అని ఉంది. దాన్ని ఇలా చదువుకోవాలి: కోరిక చాలాచోట్ల వాళ్లది, చేసి చూపించింది నిర్మాత జార్జ్ మార్టిన్, ఈఎంఐ స్టూడియో ఇంజనీర్లు. పీఠం వేస్తే వీళ్లకీ వేయాల్సిందే, మా పట్టు అది.

ముఖ్యంగా రెట్టింపు గొంతు సంగతి, అంటే ఒకే గాయకుడి గొంతు ఇద్దరు కలిసి పాడినట్టు వినిపించడం. మొదట్లో దానికోసం గాయకుడు అదే పాట రెండోసారి పాడాల్సి వచ్చేది. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్‌కు అది మహా విసుగు. 1966లో ఈఎంఐ ఇంజనీరు కెన్ టౌన్‌సెండ్ ఆ గొంతును రెండో టేప్ మెషీన్‌కు పంపి, దాని వేగాన్ని అటూఇటూ కదుపుతూ, రవ్వంత ఆలస్యంతో అసలు గొంతుకు కలిపాడు. ఆలస్యం మరీ తగ్గితే గొంతు డొల్లగా వినిపిస్తుంది, పెరిగితే ప్రతిధ్వని అయిపోతుంది.

'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' పాట కూడా అంతే. శ్రుతీ వేగమూ కలవని రెండు టేకుల్ని (విడివిడిగా రికార్డు చేసిన రెండు రూపాల్ని) కలపమన్నాడు లెనన్. మార్టిన్, ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ ఒకదాని వేగం పెంచి, రెండోదాన్ని తగ్గించి, పాట మొదలైన ఒక నిమిషానికి వచ్చేచోట అతికించారు. అందుకే దాని శ్రుతి పాశ్చాత్య స్వరాలైన ఏ, బీ ఫ్లాట్ల మధ్య ఎక్కడో ఉంటుంది. మన బెజవాడ ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించేవాళ్లు శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే కలవదు, అది సెమీటోన్ (అర స్వరం) చొప్పునే జరుగుతుంది. ఏ దగ్గర ఉంచి, రికార్డు వింటూ, శ్రుతిని కొద్దికొద్దిగా జరిపే ఫైన్ ట్యూన్ పెంచుకోవాలి. గిటారు తీగలు ఆ తర్వాతే కలపాలి.