మొలతాడు, తాళంచెవి, మూడు దేశాలు

తొమ్మిదింటి రైలుకి ఏడింటికే ప్లాట్‌ఫాం మీద ఉండే వంశం మాది. మా నాన్న ఒకసారి ఎంత ముందుగా వెళ్లారంటే, ముందురోజు రావాల్సిన రైలు అప్పుడే వస్తుంటే ఎక్కేశారు. టీసీ కూడా ఏం చెయ్యాలో తెలియక వదిలేశాడట.

అలాంటి రక్తం పంచుకు పుట్టిన నాకు మావాడు మ్యూనిక్ నుంచి ఫోన్ చేశాడు. "నాన్నా, అక్టోబరులో రండి. నాకు సెలవు దొరకదు. నువ్వూ అమ్మా రైళ్లలో జ్యూరిచ్, మిలాన్, వెనిస్ చూసుకుని తిరిగొచ్చేయండి. పాస్ తీస్తాను" అన్నాడు. మా ఆవిడ వెంటనే సరేనంది. ఆవిడ దేనికైనా సరేనంటుంది. కంగారు పడే డ్యూటీ పెళ్లినాడే నాకు అప్పగించేసింది.

ఆ పాస్ పేరు యూరైల్. 33 దేశాల్లో చెల్లుతుందట, అరవై దాటినవాళ్లకి పది శాతం తగ్గింపట. బాగానే ఉంది.

"పీఎన్నార్ నంబరు చెప్పు, రాసుకుంటాను."

"పీఎన్నార్ ఉండదు నాన్నా. ఫోన్లో క్యూఆర్ కోడ్ వస్తుంది."

"పోనీ కన్ఫర్మా, ఆర్ఏసీయా?"

"రెండూ కాదు. జర్మనీలో టికెట్ వేరు, సీటు రిజర్వేషన్ వేరు. రిజర్వేషన్ లేకపోతే ఖాళీ చూసుకుని కూర్చోవడమే."

"అంటే జనరల్ బోగీ."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, ఇటలీలో స్పీడు రైళ్లకి మాత్రం సీటు తప్పనిసరి అనీ, దానికి విడిగా కట్టాలనీ చెప్పాడు. పాసుండగా మళ్లీ డబ్బులేమిట్రా అన్నాను. "తిరుమల అనుకో నాన్నా. ధర్మదర్శనం ఉంది, మూడొందల టికెట్టూ ఉంది" అన్నాడు. మొత్తం యూరప్ రైల్వేల్లో నాకు పూర్తిగా అర్థమైన సంగతి అదొక్కటే.

రెండొందల పేజీల నోటుపుస్తకం కొన్నాను. దారిలో వచ్చే స్టేషన్లన్నీ రాసుకోవడం మొదలుపెట్టాను. మ్యూనిక్ హాప్ట్‌బాన్‌హోఫ్, జ్యూరిచ్ హాప్ట్‌బాన్‌హోఫ్. కుతూహలం కొద్దీ ఇంకా వెతికితే వియన్నా, బెర్లిన్, కొలోన్... అన్నింటికీ అదే తోక. ఎవరో గొప్ప స్వాతంత్ర్య సమరయోధుడై ఉంటాడు, మనం ఊరూరా ఎంజీ రోడ్డు పెట్టుకున్నట్టు వాళ్లు ఆయన పేరు పెట్టుకున్నారనుకున్నాను. ఆ కృతజ్ఞతాభావం నాకు నచ్చింది కూడా. వాకింగ్‌లో నలుగురికీ చెప్పాక తెలిసింది, ఆ మాటకి ప్రధాన రైల్వేస్టేషను అని అర్థమట.

ఊళ్ల పేర్లు ఇంకో తంటా. మనం మ్యూనిక్ అనేదాన్ని వాళ్లు మ్యూన్షెన్ అంటారు. ఇటలీ వాళ్లయితే ఏకంగా మొనాకో అంటారు. సముద్రం పక్కన రాజుగారున్న మొనాకో వేరే ఉంది కదా అంటే, అదీ మొనాకోయే. తిరుగు ప్రయాణంలో వెనిస్ స్టేషన్లో 'మొనాకో' రైలెక్కితే కొడుకింటికి చేరతామన్నమాట. ఆ ముక్క ఎర్రసిరాతో రాసి చుట్టూ గడి గీశాను. వెనిస్‌లోనూ రెండు స్టేషన్లు. మెస్త్రే నేల మీద, శాంతా లూచియా నీళ్ల మధ్య. మెస్త్రేలో తొందరపడి దిగితే అక్కడ పడవలుండవు. సికింద్రాబాద్‌కి వెళ్లి నిలబడితే మన రైలు కాచిగూడ నుంచి పోతుందే, ఆ భయం నాకు వేల కిలోమీటర్ల అవతల కూడా ఎదురైంది.

మా బావమరిది ఓదార్చడానికి వచ్చి ఇంకొకటి అంటించి పోయాడు. "జ్యూరిచ్, మిలాన్ మధ్య గొట్టార్డ్ సొరంగముంది బావా. 57 కిలోమీటర్లు! రైలు సొరంగాల్లో ప్రపంచంలోకెల్లా పొడుగు. 2016లో తెరిచారు." అంటే బెజవాడలో కొండ కిందికి దూరిన రైలు దాదాపు ఏలూరులో బయటపడటం. ఆ సాయంత్రమే టార్చిలైటు కొన్నాను.

అన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వనిది రైలు ఆగే సమయం. రెండు మూడు నిమిషాలట. మనకీ రెండు నిమిషాల హాల్టులున్నాయి గానీ, మన రైలు కదిలాక కూడా ఎక్కచ్చు, లోపలివాళ్లు చెయ్యిచ్చి లాగుతారు. అక్కడ తలుపులు వాటంతటవే మూసుకుంటాయట. అందుకని అపార్ట్‌మెంటు లిఫ్టుతో రిహార్సల్స్ పెట్టాను. లిఫ్టు రైలు, కింది అంతస్తు మిలాన్. వాచ్‌మన్ ఈల వెయ్యగానే ఇద్దరం రెండు సూట్‌కేసులతో ఎక్కాలి. మొదటిసారి తలుపులు మూసుకునేసరికి లోపల నేనూ, పై ఫ్లాట్ మేష్టారూ, వారి పాలప్యాకెట్లూ. బయట మా ఆవిడా, సామానూ. మేష్టారు నాలుగో అంతస్తు దాకా ఏమీ అడగలేదు. దిగేటప్పుడు మాత్రం, "అంతా కులాసాయేనా?" అని నా చెయ్యి పట్టుకున్నారు. మా ఆవిడ రెండో రిహార్సల్‌కి రానంది.

వీసాకి 30,000 యూరోల వైద్యబీమా ఉండాలన్నారు, తీశాం. పాలతో చేసినవి తేకూడదన్నారు, పాలకోవా పక్కనపెట్టి జంతికలు, చేగోడీలు సర్దాం. చివరగా నా గొలుసు. ఇరవై ఏళ్లనాడు రైల్లో అమ్మేవాడి దగ్గర తాళంతో సహా కొన్నది. లోయర్ బెర్తు కింద ఉక్కు రింగుకి పెట్టె బిగించి, తాళమేసి, రెండుసార్లు లాగి చూసుకుంటే తప్ప నాకు కన్ను మూతపడదు. "అది దేనికండీ" అని మా ఆవిడ అంటూనే ఉంది. మిలాన్ స్టేషన్లో జేబుదొంగలుంటారని చెప్పింది నీ కొడుకే కదా అన్నాను. తాళంచెవిని మొలతాడుకి ముడేసుకున్నాను. ఆ చిరునామా ఏ దేశపు దొంగకీ తెలియదు.

మ్యూనిక్‌లో ప్లాట్‌ఫాం మీదికి పోతుంటే గేటు లేదు, అడిగే మనిషి లేడు. మావాడు మమ్మల్ని స్టేషన్లో దింపి ఆఫీసుకి పరిగెత్తాడు. రైలొచ్చి ఆగింది. తలుపు తెరుచుకోలేదు. ఇంత తయారైన వాణ్ణి, తలుపు ముందు నమస్కారం పెట్టినట్టు నిలబడిపోయాను. మా ఆవిడ చెయ్యి చాచి తలుపు మీద మీట నొక్కింది. తెరుచుకుంది. నోటుపుస్తకంలో ఈ సంగతి ఎక్కడా లేదు.

తలుపు పక్కనే సామాను అరలున్నాయి. రెండు నీలం సూట్‌కేసుల పిడుల్లోంచి గొలుసు దూర్చి, అర కమ్మీకి చుట్టి, తాళమేసి, రెండుసార్లు లాగి, హాయిగా వచ్చి కూర్చున్నాను. మెమ్మింగెన్ దాటింది, లిండావ్ దగ్గర పెద్ద సరస్సు కనిపించింది, బ్రెగెంజ్‌లో ఆస్ట్రియా వచ్చింది, కాసేపటికే స్విట్జర్లాండ్. మూడు గంటలైనా కాలేదు, మూడు దేశాలు. జంతికలు బయటికి తీశాం.

సెంట్ గాలెన్‌లో రైలు ఆగింది. తలుపు దగ్గర గొలుసు చప్పుడు. డెబ్బై ఏళ్ల పెద్దావిడ ఒక నీలం సూట్‌కేసుని పట్టుకుని లాగుతోంది.

"దొంగ!" అని లేచాను.

"ఏవండీ," అంది మా ఆవిడ తాపీగా, "మన రెండో పెట్టె నా కాళ్ల దగ్గరుంది."

పరిగెత్తాను. తాళంచెవి తియ్యాలి. అది మొలతాడు దగ్గరుంది. మొలతాడు థర్మల్ కింద ఉంది. థర్మల్ ప్యాంటు కింద, ప్యాంటు బెల్టు కింద, బెల్టు స్వెటర్ కింద. "వన్ మినిట్ మేడమ్" అని బెల్టు విప్పడం మొదలుపెట్టేసరికి ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. మా ఆవిడ శాలువా విప్పి మా ఇద్దరి మధ్యా పట్టుకుంది, పెళ్లిపీటల మీద తెర పట్టినట్టు. తెరకి ఇటు నేనూ తాళమూ, అటు స్విట్జర్లాండ్.

ముడి బిగుసుకుపోయింది. తాళంచెవి తాళం దాకా రాలేదు, నేనే రావాల్సి వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని, నడుము అర కమ్మీకి ఆనించి, ఊపిరి బిగబట్టి తిప్పుతున్నాను. టోపీ పెట్టుకున్న కండక్టరు వచ్చి ఏదో అడిగాడు. మా ఆవిడ శాలువా మీదుగా, "చైన్... సేఫ్టీ... ఇండియా" అంది. అతను గడియారం చూసుకున్నాడు, నన్ను చూశాడు, మళ్లీ గడియారమే చూసుకున్నాడు. క్లిక్‌మంది.

ఆ పెద్దావిడ పెట్టెతో దిగి, తలుపులు మూసుకుంటుంటే చెయ్యూపింది. కోపంగా లేదు. ఆ రాత్రి ఎవరింట్లోనో భోజనాల దగ్గర నా కథ చెప్పే ఉంటుంది.

ఫోన్లో మావాడికి ఇదంతా చెప్పాను. ముందు నవ్వాడు, తర్వాత ఎంతసేపు పట్టిందని అడిగాడు. రెండున్నర నిమిషాలుంటుందన్నాను. "అయితే పర్లేదు నాన్నా. స్విస్ రైల్వే మూడు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యమే అనదు."

గొట్టార్డ్ సొరంగం ఇరవై నిమిషాల్లో అయిపోయింది. లోపల దీపాలు ధగధగ వెలుగుతున్నాయి. టార్చి తియ్యలేదు, మా ఆవిడ చూస్తోంది. మిలాన్‌లో జేబుదొంగలు నా జోలికి రాలేదు. వెనిస్‌లో మొనాకో రైలు మాత్రం నోటుపుస్తకం చూడకుండా కనిపెట్టాను.

గొలుసు కూడా ఉత్తినే పోలేదు. వెనిస్‌లో సందుకి అడ్డంగా తాళ్లు కట్టి బట్టలు ఆరేసుకుంటారు. అది చూసి మా ఆవిడ, ఉతికిన నా థర్మల్స్‌ని హోటల్ గదిలో ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి గొలుసు కట్టి ఆరేసింది. అవి ఎగిరిపోకుండా తాళం కూడా వేసింది. తాళంచెవి మాత్రం తన హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకుంది.