గోదావరి వారి ఎల్ఈడీ మర్యాదలు

గోదావరి జిల్లాల మర్యాద గురించి కొత్తగా చెప్పేదేముంది. వద్దు బాబోయ్ అని చెయ్యడ్డం పెట్టినా ఆ వేళ్ళ సందుల్లోంచే నెయ్యి పోసేసే జాతి మనది. ఇంతకాలం ఈ వడ్డన విస్తరి వరకే ఉండేది. ఇప్పుడు రోడ్డెక్కింది. పొద్దుగూకాక ఏ కాలవ గట్టు మీదకైనా వెళ్ళి చూడండి. ఎదురొచ్చే బండివాడు తన ముందున్న గుంట కనపడక పడుతూ లేస్తూ వస్తుంటాడు. వెలుగు మాత్రం ఒక్క చుక్క తనకి ఉంచుకోకుండా తెచ్చి మన కళ్ళలో పోస్తాడు. మనం చెయ్యడ్డం పెడతాం. ఊరుకుంటాడా, పాస్ స్విచ్ నొక్కి మారు వడ్డిస్తాడు.

ఈ దానగుణమంతా ఓ అట్టపెట్టెలో దొరుకుతుంది. కంపెనీవాళ్ళు బండికి పెట్టి ఇచ్చేది పిసినారి బల్బు. హెచ్ఎస్1 హాలోజెన్, 12 వోల్టులు, 35/35 వాట్లు. వెలుగు కొలత హై బీమ్‌లో 825 ల్యూమెన్లు, డిమ్‌లో 525. అంతే, మూతి ముడుచుకుని కూర్చుంటుంది. దాని బదులు కౌంటరు మీదకొచ్చే ఎల్ఈడీ పెట్టె మీద చూడండి: 20,000 ల్యూమెన్లు, 120 వాట్లు, 360 డిగ్రీలు. 120 వాట్లంటే 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు. అదే నిజమైతే బండిలోని 3 ఏహెచ్ బ్యాటరీ, అంటే గంటసేపు 3 ఆంపియర్లు ఇవ్వగలది, పావుగంట తిరిగేసరికి కన్ను మూసేయాలి, హోల్డరు వైర్లు కమురు కంపు కొట్టాలి. మీటరు పెట్టి చూస్తే ఇలాంటి బల్బుల్లో చాలావాటికి ఒకటిన్నర ఆంపియరుకి అటూ ఇటూ ఉంటుంది, అంటే ఓ 18 వాట్లు. ఆ పెట్టె మీద గొప్పల్లో పూర్తిగా నమ్మదగ్గది ఒకటే, 360 డిగ్రీలు. కొంప ముంచేది కూడా అదే.

ఎలాగంటే, హెచ్ఎస్1 బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి. డిమ్ ఫిలమెంటు కింద చిన్న రేకు దొన్నె ఉంటుంది. పాత బల్బు చేతిలోకి తీసుకుని చూస్తే గాజు లోపల స్పష్టంగా కనపడుతుంది. కిందికి పోయే వెలుగుని ఆ దొన్నె ఆపేస్తుంది కాబట్టి రిఫ్లెక్టరు పైసగానికే వెలుగు తగిలి, అక్కణ్ణించి కిందికి, రోడ్డు మీదికి దిగుతుంది. ఎదుటివాడి కంటికి పోవాల్సిన వెలుగు పుట్టకముందే ఆగిపోతుంది. రిఫ్లెక్టరు లోపలి గాడి, వంపు అన్నీ ఆ ఫిలమెంటు ఉన్న చోటుని బట్టి, మిల్లీమీటర్ల లెక్కన వేసినవి. అందులో చుట్టూ మూడు పక్కలా చిప్‌లు అతికించిన కడ్డీ దూర్చి, 360 డిగ్రీలు అని మురిసిపోతే రిఫ్లెక్టరు ఏం చేస్తుంది పాపం? వచ్చింది వచ్చినట్టు విసిరేస్తుంది. కొబ్బరి మట్టలకి కొంత, కరెంటు తీగలకి కొంత, ఎదుటివాడికి బోలెడంత. పొగమంచు రోజుల్లో ఆ పైకి పోయిన వెలుగే తెల్లగోడై తిరిగొచ్చి మన మొహానే కొడుతుంది. రోడ్డుకి మిగిలింది ముందుచక్రం ఎదర ఓ తెల్లటి మరక. ఆ మరక చూసే మనవాడు "అబ్బ, పట్టపగల్లా ఉందండీ" అంటాడు.

ఇలాంటి దాతలు ఇద్దరు ఎదురుపడితే చూడాలి. అత్తిలి కాలవ గట్టే అనుకోండి. మూడు మీటర్ల తారు, ఓ పక్క కాలవ, రెండో పక్క చేను. ఇరవై అడుగుల దూరంలో ఇద్దరికీ కళ్ళు బైర్లు కమ్మి బళ్ళు ఆపేశారు. కాళ్ళు నేలకి ఆనించారు. రెండు దీపాల మధ్యా చేలో ఉన్న సుడిదోమంతా సభ తీర్చింది.

"ఆయ్, లైటు కాస్త దించండి."

"దించే ఉందండీ. ఇదే దించడం."

"దించితేనే ఇలా ఉంటే ఎత్తితే ఎలా ఉంటదండీ?"

"ఎత్తినా ఇంతేనండీ."

"పోనీ ఓసారి ఆర్పేయండి."

"ఆర్పడానికి స్విచ్చేదండీ, 2017 తర్వాత బండి, ఇంజను ఆడినంతసేపూ వెలుగుతూనే ఉంటది. తమరే ఆర్పుకోండి."

"పాతదేలెండి, స్విచ్చుంది. ఆర్పితే మళ్ళీ వెలుగుతుందో లేదో నమ్మకం లేక ఆర్పట్లేదు."

ఈలోగా ఒకాయన వెనక గడ్డి ట్రాక్టరు, రెండో ఆయన వెనక ఆటో వచ్చి నిలబడ్డాయి, ఎవరి ఎల్ఈడీలు వాళ్ళకున్నాయి. ఆటోవాడిది ఫ్లాష్ మోడ్. తెలుపు, పసుపు, తెలుపు, పసుపు. అమ్మవారి జాతరకి కట్టాల్సింది ఆటోకి కట్టాడు. మొహాలు ఎవరికీ కనపడవు, గొంతులే. పది నిమిషాల వాదన అయ్యాక ఒక గొంతు తగ్గింది. "ఈ గొంతెక్కడో విన్నట్టుందే. మీరు పెనుమంట్ర బావగారు కాదూ?" కాక ఇంకెవరు! పెళ్ళిలో పక్కపక్కన కూర్చుని తిన్న మనుషులు, ఇరవై అడుగుల దూరంలో, నలభై వేల ల్యూమెన్ల సాక్షిగా, ఒకళ్ళనొకళ్ళు గుర్తుపట్టలేకపోయారు. క్షేమసమాచారాలయ్యాయి. బావగారు వెళ్తూ వెళ్తూ అడిగిన ఆఖరి మాట: "మీ బల్బు బాగా కొడుతుందండీ, ఏ షాపులో తీసుకున్నారు?"

ఈ బావలిద్దరూ ఏమైపోయినా పర్వాలేదు. రాత్రిపూట రొయ్యల చెరువు కాపలాకి సైకిలు మీద పోయే మనిషి సంగతేమిటి? అతనికి లైటు లేదు. చీకటికి అలవాటు పడిన కళ్ళే అతని లైటు. వాటిలో ఇది కొడితే మళ్ళీ చూపు ఆనడానికి కొన్ని సెకన్లు పడుతుంది. మోపెడ్ మీద నలభైలో వచ్చేవాడైతే సెకనుకి 11 మీటర్లు పోతాడు. మూడు సెకన్లకి 33 మీటర్లు, కళ్ళకి గంతలు కట్టుకుని, పిట్టగోడ లేని తూము పక్కనుంచి! దాళ్వా కోతలప్పుడైతే సగం రోడ్డు ధాన్యం రాశి, రాశి చుట్టూ తలకాయంత రాళ్ళు. కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట కట్టి కాలవలు పారించింది చేలకి నీళ్ళివ్వడానికి, రాత్రిళ్ళు మనుషుల్ని తోసెయ్యడానికి కాదు. "నాకు బాగా కనపడుతోంది కదా" అంటావేంట్రా? నీకు కనపడటం కోసం అతను కాలవలో పడాలా? తెల్లారి లాకుల దగ్గర వెతికేది నిన్ను కాదు, అతన్ని. తాగి తోలాడేమోలే అని ఊరంతా అంటుంది. ఎదురొచ్చిన బల్బు గురించి ఒక్కడూ అనడు. ఇది సరదా కాదు, స్టయిలూ కాదు. రోడ్డు మీద పోయేవాడి కళ్ళు పొడవడం.

దీనికి రూలు లేదని కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది ఇదే చెబుతుంది: 8 మీటర్ల దూరాన, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కన్ను చెదరకుండా వెలుగు కిందికి వంగి ఉండాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం బండిని చట్టం ఒప్పుకోని తీరులో మార్పిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పుకి 5,000 రూపాయలు, లేదా రెండూ. మన కుర్రాళ్ళ బళ్ళకున్న మార్పులు లెక్కేస్తే బండి అమ్మినా చాలదు.

బండి వెనక లైటు దగ్గరికొస్తే అక్కడా ఘనకార్యమే. ఎర్ర అద్దం వెనక తెల్ల ఎల్ఈడీ పెడతారు. తెల్ల ఎల్ఈడీలో నీలం, పసుపు దండిగా, ఎరుపు తక్కువ. ఆ కాస్త ఎరుపునే అద్దం బయటికి వదులుతుంది, నీరసంగా గులాబీ రంగులో. బ్రేకు నొక్కినప్పటికీ నొక్కనప్పటికీ పెద్ద తేడా తెలీదు. ఎర్ర అద్దానికి ఎర్ర ఎల్ఈడీయే వెయ్యాలి. వేస్తే నంబరు ప్లేటు మీద పడే వెలుగు కూడా ఎర్రబడుతుంది కాబట్టి కిందవైపు తెల్ల చిప్‌లున్నది అడిగి తీసుకోవాలి.

ఇండికేటర్లు ఇంకో తమాషా. వాటిని ఆర్పుతూ వెలిగించే పాత ఫ్లాషర్ రెండు 10 వాట్ల బల్బుల బరువుకి అలవాటు పడినది. ఒక వాటు ఎల్ఈడీలు పెడితే గుండెదడ వచ్చినట్టు కొట్టుకుంటుంది, లేదా అసలు కొట్టుకోదు. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ మార్చమంటే మార్చరు. 10 ఓంల రెసిస్టరు కట్టి, ఎల్ఈడీ పెట్టి ఆదా చేసిన కరెంటంతా సైడు ప్యానెల్ ప్లాస్టిక్కు కింద వేడిగా తగలేస్తారు. మీటరు దగ్గర రెండు వైపులకీ కలిపి ఒకే పైలట్ బల్బు (ఇండికేటర్ వేసినట్టు మనకి చూపించే చిన్న దీపం) ఉన్న బళ్ళలో అయితే ఎడమకి వేస్తే నాలుగూ వెలుగుతాయి, ఎందుకంటే ఆ బల్బుకి ఎర్త్ అవతలి వైపు ఇండికేటర్ల గుండానే అందుతుంది. రెండు 1ఎన్4007 డయోడ్లు, ఓ ఎర్త్ వైరు ఉంటే చాలు: గీత ఉన్న కొసలు రెండూ పైలట్‌కి, మిగతా కొసలు చెరో వైపుకి, పైలట్ రెండో కాలు ఎర్త్‌కి. రెండు బఠాణీ గింజలంత డయోడ్ల ఖర్చు ఓర్చుకోలేక మనవాడు ఎటు తిరుగుతున్నాడో జిల్లాకంతటికీ వదిలేస్తాడు.

ఇక పాత స్ప్లెండర్ లాంటి బళ్ళ హెడ్‌లైటు బ్యాటరీ మీద కాదు, ఇంజను తిరిగితే కరెంటు పుట్టించే మాగ్నెటో ఏసీ మీద వెలుగుతుంది. రేజ్ చేస్తే పెరిగి, వదిలితే తగ్గుతుంది. డీసీ బల్బు తెచ్చి అందులో పెడితే మినుకుమంటుంది, నాలుగు రోజులకి బల్బులోని డ్రైవరు సర్క్యూటు కాలుతుంది. సరే, వైరు కోసి బ్యాటరీకి కలిపేస్తే చార్జింగ్ చాలక బ్యాటరీ పడుకుంటుంది. కాయిల్ ఎర్త్ విప్పి, ఫుల్ వేవ్ రెగ్యులేటర్ వేస్తేనే అది డీసీ చేయించినట్టు. ఎల్ఈడీ బల్బు వెనకాల ఫ్యాను పొడుగై, హెడ్‌లైటు వెనక నీళ్ళు పోకుండా కప్పే రబ్బరు బూటు పట్టకపోతే దాన్ని పీకి పారేస్తారు, మన గాలిలో తేమకి ఒక్క వానాకాలంలో రిఫ్లెక్టరు కళాయి పొరలు లేస్తుంది.

అయినా పెట్టే తీరతాననేవాళ్ళు ఓ పని చెయ్యండి. పాత బల్బు ఉండగానే బండిని గోడకి 5 మీటర్ల దూరంలో నిలబెట్టి, మనిషిని కూర్చోబెట్టి, డిమ్‌లో వెలుగు పై అంచు ఎక్కడ తెగిందో సుద్దతో గీత గియ్యండి. రెండు పక్కలే చిప్‌లున్న ఎల్ఈడీ తీసుకుని, అవి కుడికీ ఎడమకీ చూసేలా బల్బు మొదట్లో ఉండే కాలర్ (రింగు) తిప్పి బిగించండి. గీత మీద వెలుగు చిమ్మితే మళ్ళీ సర్దండి. ఎంత సర్దినా చిమ్ముతుంటే తీసేసి 35/35 పెట్టుకోండి. పాత బల్బు పారేశారా? మీ మెకానిక్ షెడ్డులో నూనె డబ్బా పక్కన రేకు డబ్బా నిండా ఉంటాయి, చెక్కుచెదరనివి, అన్నీ మీలాంటివాళ్ళు విప్పించినవే.