‘వర్సిటీ షో’లో మాయమైన 40 నిమిషాలు

వార్నర్ బ్రదర్స్ 1937లో తీసిన కాలేజీ సంగీత హాస్యచిత్రం ‘వర్సిటీ షో’ ఇవాళ చూస్తే అతుకుల బొంతలా అనిపిస్తుంది. ఆ మాట అనేముందు నిడివి చూసుకోవాలి. మొదట విడుదలైనప్పుడు ఇది 120 నిమిషాల సినిమా. 1942లో మళ్లీ విడుదల చేస్తూ 80 నిమిషాలకు కుదించారు. ఇప్పుడు దొరికేది ఆ పొట్టి ప్రతే. కథ గంతులేసే చోట తప్పెంత రచయితలదో, ఎంత కత్తెరదో తేల్చలేం. కాబట్టి కథ మీద తీర్పు చెప్పకపోవడమే న్యాయం.

కథ కూడా చిన్నదే. విన్‌ఫీల్డ్ కాలేజీ కుర్రకారుకు వార్షిక ప్రదర్శన స్వింగ్ (హుషారైన జాజ్) బాణీలో కావాలి, ప్రొఫెసర్‌కు పాత పద్ధతే కావాలి. న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వేలో వరుసగా ఫ్లాపులు తిన్న పూర్వ విద్యార్థిని (డిక్ పావెల్) సాయానికి పిలుస్తారు. వాద్యబృందం ఫ్రెడ్ వారింగ్‌ది. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు గ్లీ క్లబ్‌ (విద్యార్థుల బృందగాన సంఘం)లో ఆయనకు చోటు దక్కలేదు. అదే 1937లో తన పేరుతో మిక్సీని మార్కెట్లోకి తెచ్చిన వారింగ్ కూడా ఈయనే.

కళ్లప్పగించి చూడాల్సింది నల్లజాతి నర్తకుడు జాన్ బబుల్స్‌ని. పియానో దగ్గర ఆయన జోడీ బక్ ఉంటాడు. బూటు అడుగున లోహపు పలకలతో నేల మీద దరువేసే ట్యాప్ డాన్స్ అప్పట్లో ఎక్కువగా మునివేళ్ల మీద, వడిగా సాగేది. బబుల్స్ వేగం సగానికి తగ్గించి, మడమను నేలకు దింపి, తాళం మధ్య ఖాళీల్లో కొత్త దరువులు పేర్చాడు. దాన్నే రిథమ్ ట్యాప్ అంటారు. 1935లో ‘పోర్గీ అండ్ బెస్’ ఒపేరా (సంగీత నాటకం) తొలి ప్రదర్శనలో స్పోర్టింగ్ లైఫ్ పాత్ర ఆయనదే. రెండేళ్లకు హాలీవుడ్ ఆయనకిచ్చిన వేషం కాలేజీ జానిటర్ (ఊడ్చి తుడిచే పనివాడు)! ఆ తరగతుల్లో నల్లజాతి విద్యార్థి కనిపించడు. ‘ఆ రోజులే అంత’ అని సర్దుకుంటే ఆయనకు రెండోసారి అన్యాయం చేసినట్టే. ఆ నృత్యాన్ని రెండుసార్లు వేసుకోండి: ఒకసారి పాదాలు చూస్తూ, ఇంకోసారి కళ్లు మూసుకుని మడమ దెబ్బలు వింటూ.

దానికి ముందు టీవీలో మోషన్ స్మూతింగ్ ఆపేయాలి. సినిమా సెకనుకు 24 ఫ్రేములే. మధ్యలో టీవీ సొంతంగా ఫ్రేములు కల్పిస్తే, వడిగా కదిలే పాదాల అంచులు అలుక్కుపోతాయి.

తెర కొలత విషయం ఇంకా ముఖ్యం. చిత్రం 1.37:1 నిష్పత్తిలో ఉంటుంది. 16:9 తెర నిండేలా జూమ్ చేస్తే ఎత్తులో దాదాపు 23 శాతం పోతుంది. సాగదీస్తే మనుషులు లావెక్కుతారు. పక్కల నల్లపట్టీలు ఉండనివ్వాలి. ఎందుకంటే నృత్య దర్శకుడు బస్బీ బర్క్‌లీ కూర్చిన ముగింపు నృత్యంలో బృందం పైనుంచి చూస్తే అక్షరాలుగా అమరుతుంది. అంచు తెగితే అక్షరమూ తెగుతుంది. ఈ ముగింపు ఆస్కార్ నృత్య దర్శకత్వ విభాగంలో నామినేట్ అయింది. మూడేళ్లే నడిచిన ఆ విభాగానికి అదే చివరి ఏడాది.

తీరిక లేనివాళ్లు బబుల్స్ నృత్యం, ఈ ముగింపు చూసినా చాలు. కథ తెలియకపోయినా ఆ రెండింటికీ లోటు రాదు.