సవరణ: ఫొటోఅనాలిసిస్‌డీని ఆపేయమన్న నా సలహా తప్పు

మ్యాక్ నెమ్మదిస్తే యాక్టివిటీ మానిటర్ (ఏ ప్రోగ్రామ్ ఎంత పని చేస్తోందో చూపే యాప్) తెరిచి, ‘ఫొటోఅనాలిసిస్‌డీ’ అనే ప్రాసెస్‌ను ఫోర్స్ క్విట్ చేసేయమని కిందటిసారి రాశాను. ఆ సలహా తప్పు. పాటించినవాళ్లు నన్ను మన్నించాలి.

అది ఫొటోస్ యాప్‌కు చెందిన ప్రాసెస్. లైబ్రరీలోని ఒక్కో ఫొటోనూ చూసి అందులోని ముఖాలు, వస్తువులు, దృశ్యాలు గుర్తుపడుతుంది. సెర్చ్‌లో ‘డాగ్’ అని కొట్టగానే కుక్కల ఫొటోలు వచ్చేది ఇలాంటి పని వల్లే. దాన్ని ఆపినా కాసేపటికి సిస్టమే మళ్లీ మొదలుపెడుతుంది. పాత ఫొటోలన్నీ ఒకేసారి ఎక్కించిన వారం, ఫ్యాన్ హోరు విని టెన్షన్‌తో నేను రోజుకు నాలుగైదుసార్లు ఆపాను. తొందరగా అయిపోవాల్సిన పనిని నేనే సాగదీశాను.

ఇంకో పొరపాటు కూడా ఉంది. యాక్టివిటీ మానిటర్‌లోని సీపీయూ కాలమ్‌లో 180 శాతం కనిపిస్తే ప్రమాదమన్నాను. అక్కడ ప్రాసెసర్‌లో విడిగా పనిచేసే ఒక్కో భాగాన్ని, అంటే ఒక్కో కోర్‌ను 100గా లెక్కేస్తారు. 8 కోర్లున్న మెషీన్‌లో 180 అంటే రెండు కోర్ల పని కూడా కాదు.

చేయాల్సిందల్లా ఛార్జర్ పెట్టి, ఫొటోస్ యాప్ మూసేసి, స్లీప్‌లోకి పోకుండా రాత్రంతా వదిలేయడమే. యాప్ తెరిచి ఉంటే ముఖాల స్కానింగ్ ముందుకు సాగదు, ఇది చాలామందికి తెలియదు. కొత్త ఫొటోలేవీ చేర్చకపోయినా వారాల తరబడి ఆ ప్రాసెస్ ఇలాగే నడుస్తూ ఉంటే, ముందు బ్యాకప్ తీసుకోండి. తర్వాత ఆప్షన్, కమాండ్ కీలు నొక్కిపట్టి ఫొటోస్ తెరిస్తే లైబ్రరీ రిపేర్ చేయమంటారా అని అడుగుతుంది.