ఎస్పరాంతో కవికి నోబెల్ రాలేదు, మరి తెలుగు కవికి?

విలియం ఆల్డ్ ఇంగ్లిష్ రాక ఎస్పరాంతో అనే కృత్రిమ భాషను పట్టుకున్న కవి కాదు. గ్లాస్గోలో పెరిగాడు, అక్కడి యూనివర్సిటీలో చదివింది ఇంగ్లిష్ సాహిత్యమే, స్కాట్లాండ్‌లోనే టీచరుగా పనిచేశాడు. ప్రపంచమంతా చదివే భాష చేతిలో ఉండగా, 1887లో జామెన్‌హాఫ్ అనే కంటి డాక్టరు తనే తయారుచేసి వార్సాలో అచ్చువేసి వదిలిన ఈ భాషలో కవిత్వం రాశాడు. 25 భాగాల దీర్ఘకావ్యం 'లా ఇన్ఫానా రాసో' 1956లో వచ్చింది. మనిషిజాతికి ఇంకా పసితనం వదల్లేదన్నది దాని సారం. 1999లో మొదటిసారి నోబెల్‌కు ఆయన పేరు ప్రతిపాదించారు. బహుమతి రాకుండానే 2006లో పోయాడు.

నేలా ఊరూ లేని భాషలో కవిత్వమేంటి అంటారు. జోలపాటలు, సామెతలు తరాలుగా పేరుకోని చోట కవికి ముడిసరుకు తక్కువే, నిజమే.

కానీ ఒక్క సంగతి చూడండి. ఎస్పరాంతోలో నామవాచకాలన్నీ 'ఓ'తో, వర్తమానకాల క్రియలన్నీ 'అస్'తో ముగుస్తాయి. అంటే అంత్యప్రాస ఊరికే దొరుకుతుంది. అలా ప్రత్యయాలతో ప్రాస గిట్టించేయడాన్ని అక్కడి కవులు 'అదాసిస్మో' అని ఎగతాళి చేస్తారు. బుడాపెస్ట్‌లో అంటువ్యాధుల డాక్టరు, గొప్ప కవి కలోచాయ్ తన మిత్రులతో కలిసి 1932లోనే ఛందస్సుకు గైడ్ రాశాడు. అప్పటికి ఆ భాష వయసు 45 ఏళ్లు! సులువుగా దొరికే ప్రాసకు సిగ్గుపడటం నేర్చిన భాషలో కవిత్వం పుట్టదని ఎలా అంటాం? 'ఉందీ', 'అందీ' అంటూ చరణాలు నింపేసే మన సినిమా పాటలకు ఆపాటి మొహమాటమైనా ఉందా?

ఇక నోబెల్ సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైమాటే. ఆ లెక్క చూపించి బహుమతి అడగలేం. భారతీయ సాహిత్యానికి వచ్చిన ఒకే ఒక్క నోబెల్ 1913లో టాగోర్‌ది, అదీ ఇంగ్లిష్ గీతాంజలి చేతిలో ఉండబట్టి. దేశం లేదు, ప్రభుత్వం లేదు, అయినా ఆల్డ్ కావ్యాన్ని ఎస్పరాంతో అభిమానులే పట్టుబట్టి వేరే భాషల్లోకి తెచ్చుకున్నారు. మనకు రెండు ప్రభుత్వాలున్నాయి. 2017లో హైదరాబాద్‌లో ప్రపంచ తెలుగు మహాసభలు అట్టహాసంగా చేసుకున్నాం, శాలువాలు కప్పుకున్నాం. మన కవిని ఫ్రెంచిలోకో స్వీడిష్‌లోకో తెచ్చే అనువాదకుడిని పదేళ్లపాటు జీతమిచ్చి కూర్చోబెట్టే ఏర్పాటు ఎక్కడ?